ఫైలు వెంట ఒక మనిషి

(జిల్లా కోర్టు ఆవరణలో న్యాయవాదుల సంఘం ఏర్పాటు చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి పేరు మీద ఈ సభ జరుగుతోందో ఆయన ఇక్కడ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేసిన రోజుల్లో సాక్షులను ఎంత ఓపిగ్గా పలకరించేవారో మీలో చాలామంది చూశారు. కేసు పిలవకముందే వరండాలోకి వచ్చేవారు. సాక్షిని బెంచీ మీద తన పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఏ ఊరు, ఏ బస్సుకు వచ్చారు, పొద్దున ఏమైనా తిన్నారా అని అడిగాకే కేసు సంగతి ఎత్తేవారు. అయినా ఆయనకు ఒక అసంతృప్తి ఉండేది. ఆ సాక్షి తనను చూడడం అదే మొదలు, అదే ఆఖరు. మేజిస్ట్రేటు కోర్టులో ఛార్జిషీటు చూసింది ఒకరు, సెషన్స్‌లో విచారణ నడిపేది తను, అప్పీలు పడితే హైకోర్టులో వాదించేది ఇంకొకరు. నేరం జరిగిన నాటి నుంచి తీర్పు దాకా ఈ కేసు నాది అనుకునే ప్రాసిక్యూటరు ఎవరూ లేరని ఆయన బాధపడేవారు.

ఇదే లోటుతో అమెరికాలోని కౌంటీ ప్రాసిక్యూటర్ల ఆఫీసులు యాభై ఏళ్లుగా తలపడుతున్నాయి. అందుకు వాళ్లు వెతుక్కున్న మార్గం ప్రత్యేక విభాగాలు. ఆ మార్గం వల్ల జరిగిన మేలు, దాని వెంటే వచ్చిన కీడు రెండూ మనకు అవసరమైనవే. ఈరోజు వాటి గురించే చెప్తాను.

కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా. దేశం మొత్తం మీద మూడు వేలకు పైగా ఉన్నాయి. హత్య, దొంగతనం, అత్యాచారం, గృహహింస వంటి నేరాలు దాదాపు అన్నీ రాష్ట్ర చట్టాల కింద అక్కడి కోర్టుల్లోనే నడుస్తాయి. వాటిని నడిపే ఆఫీసులు సుమారు 2,300. ఆఫీసు పెద్దను న్యూయార్కు, టెక్సస్, కాలిఫోర్నియాల్లో డిస్ట్రిక్ట్ అటార్నీ అంటారు. ఇలినాయిలో స్టేట్స్ అటార్నీ. మిషిగన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ప్రాసిక్యూటింగ్ అటార్నీ. చాలా రాష్ట్రాల్లో ఆ పదవికి ఎన్నిక జరుగుతుంది. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే న్యూజెర్సీ మాత్రం వేరు. అక్కడి 21 కౌంటీలకూ ప్రాసిక్యూటర్లను గవర్నరు నియమిస్తారు, సెనేటు ఆమోదిస్తుంది, పదవీకాలం ఐదేళ్లు. ఎడిసన్‌లో ఒక తెలుగింట్లో నేరం జరిగితే ఆ కేసు చూసేది న్యూ బ్రన్స్‌విక్‌లోని మిడిల్‌సెక్స్ కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసే.

ఆ ఆఫీసుకున్న అధికారం మన పీపీలకు లేదు. మన దగ్గర ఛార్జిషీటు వేసేది పోలీసు. అక్కడ ఏ నేరం మోపాలి, అసలు మోపాలా వద్దా, ఎంత శిక్షకు ఒప్పుకుంటే కేసు ముగించాలి అన్నవి ప్రాసిక్యూటరు నిర్ణయాలు. శిక్ష పడిన కేసుల్లో నూటికి తొంభైకి పైగా విచారణ దాకా పోవు. నిందితుడు నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయి. అంచేత ఫైలు ఎవరి బల్ల మీద ఉంది, వారు దాన్ని ఎంత శ్రద్ధగా చదివారు అన్నదాని మీదే మనిషి తలరాత ఆధారపడి ఉంటుంది.

పాత పద్ధతిలో పెద్ద ఆఫీసులు ఎక్కువగా పనిని దశలవారీగా పంచేవి. ఫిర్యాదు తీసుకునే గదిలో ఒక లాయరు, ప్రాథమిక విచారణలో మరొకరు, నేరం మోపడానికి ఆధారం ఉందో లేదో తేల్చే పౌరుల బృందం, అంటే గ్రాండ్ జ్యూరీ ముందు ఇంకొకరు, ట్రయల్‌లో నాలుగో మనిషి. చిల్లర దొంగతనాలకు ఇది సరిపోతుంది. అత్యాచారానికి గురైన మహిళ మాత్రం జరిగిందంతా ఆ నలుగురికీ మొదటినుంచి చెప్పుకోవాలి. మూడోసారికి ఆమె విసిగిపోయి రావడం మానేస్తుంది. వచ్చినా, నాలుగుసార్లు చెప్పిన మాటల్లో చిన్నచిన్న తేడాలు పట్టుకుని డిఫెన్స్ లాయరు క్రాస్‌లో ఆమెను నిలువునా కడిగేస్తాడు.

న్యూయార్కు కౌంటీ అంటే మన్‌హట్టన్. అత్యాచార కేసులో బాధితురాలి మాట ఒక్కటే చాలదు, దానికి వేరే సాక్ష్యం బలం చేకూర్చాలి అన్న నిబంధన 1970ల మొదటి దాకా ఆ రాష్ట్ర చట్టంలోనే ఉండేది. ఎన్ని అరెస్టులు జరిగినా శిక్షలు వేళ్ల మీద లెక్కపెట్టేటట్టు ఉండేవి. మహిళా సంఘాలు గట్టిగా పోరాడాక 1974లో ఆ నిబంధన పోయింది. అదే ఏడు మన్‌హట్టన్ డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసులో లైంగిక నేరాల విభాగం మొదలైంది. ఆ తరహా విభాగం దేశంలో అదే మొదటిది. చట్టం మారిన సంగతి అందరూ చెప్పుకుంటారు. ఆ చట్టాన్ని రోజూ చేతిలో పట్టుకుని పనిచేసే మనుషులు కూడా అదే ఏడు దొరికారు. నా దృష్టిలో ఈ రెండోది లేకపోతే మొదటిది కాగితం మీదే ఉండిపోయేది.

విభాగంలో పని ఇలా నడుస్తుంది. పోలీసుల నుంచి కబురు రాగానే ఒక ప్రాసిక్యూటరుకు కేసు అప్పగిస్తారు. బాధితురాలితో మొదట మాట్లాడేది, గ్రాండ్ జ్యూరీ ముందు పెట్టేది, బెయిలు దరఖాస్తుకు సమాధానం చెప్పేది, ట్రయల్ నడిపేది, శిక్ష మీద వాదించేది అంతా ఆ ఒక్కరే. దీన్ని వాళ్లు వర్టికల్ ప్రాసిక్యూషన్ అంటారు. లాస్ ఏంజెలెస్ కౌంటీ 1979లో ముఠా హత్యల కోసం పెట్టిన విభాగంలోనూ ఇదే పద్ధతి. అక్కడి చిక్కు సాక్షుల భయం. పక్కింటి కుర్రాడి మీద సాక్ష్యం చెప్పబోయే మనిషికి ధైర్యం కావాలంటే, ప్రతి పేషీకీ అదే ముఖం కనిపించాలి. ఆ ప్రాసిక్యూటరు పక్కనే ఇద్దరు ముగ్గురు డిటెక్టివులు, బాధితుల సహాయకులు కూర్చుంటారు. వైద్య నివేదికలో ఏ మాటకు ఏ అర్థమో, ల్యాబుకు ఏ నమూనా పంపలేదో, ఏ డాక్టరు కోర్టులో నిలబడి చెప్పగలరో ఇలాంటి విభాగంలోని ప్రాసిక్యూటరుకు కొట్టిన పిండి. కొత్తగా చేరినవారు సీనియరు పక్కన రెండో కుర్చీలో కూర్చుని నేర్చుకుంటారు. రెండు మూడు కౌంటీలకు కలిపి కూడా పదిమంది లాయర్లు లేని గ్రామీణ ప్రాంతాల్లో ఇదంతా కుదరదు. అక్కడ ఒకే లాయరు పొద్దున దొంగతనం, మధ్యాహ్నం హత్య చూస్తాడు. విభాగాలు పెద్ద ఆఫీసులకే చెల్లు.

పిల్లల కేసుల్లో ఈ ఆలోచన ఆఫీసు గోడలు దాటింది. అలబామాలో హంట్స్‌విల్ నగరం మాడిసన్ కౌంటీలో ఉంది. అక్కడి డిస్ట్రిక్ట్ అటార్నీ బడ్ క్రేమర్ ఒక విషయం గమనించారు. లైంగిక దాడికి గురైన బిడ్డ పోలీసుకు, డాక్టరుకు, సంక్షేమ శాఖకు, ప్రాసిక్యూటరుకు విడివిడిగా చెప్పి చెప్పి చివరికి నోరు విప్పడమే మానేస్తోంది. 1985లో ఆయన చొరవతో మామూలు ఇల్లులాంటి చోట ఒక కేంద్రం తెరిచారు. బిడ్డతో శిక్షణ పొందిన మనిషి ఒక్కరే మాట్లాడతారు, మిగతావారు పక్క గదిలోంచి చూస్తారు. మళ్లీ అడగాల్సిన పని లేదు. ఇప్పుడు అలాంటి కేంద్రాలు అమెరికాలో 900కు పైగా ఉన్నాయి. మన హైదరాబాద్‌లో 2016లో వచ్చిన భరోసా కేంద్రం వెనక ఉన్నది కూడా ఇదే ఆలోచన.

గృహహింస విభాగాల కష్టం వేరు. భర్త కొట్టాడని రాత్రి ఫోన్ చేసిన భార్య, ట్రయల్ నాటికి రాదు. భయం కావచ్చు, పిల్లలు కావచ్చు, అద్దె కట్టేది అతనే కావచ్చు. మన దగ్గర సాక్షి హాస్టైల్ అయిందని రాసేసి కేసు మూసేస్తాం. అక్కడ అలా వదిలేయని ఒక కేసు చెప్తాను. సియాటెల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో 2001 ఫిబ్రవరిలో ఒకామె 911 అత్యవసర నంబరుకు ఫోన్ చేసింది. ఒకతను తనను పిడికిళ్లతో కొడుతున్నాడని చెప్పింది, ఆపరేటరు అడిగితే పేరు చెప్పింది, ఇప్పుడే పారిపోతున్నాడని చెప్పింది. పోలీసులు నాలుగు నిమిషాల్లో వచ్చి తాజా గాయాలు చూశారు. ఆమె కోర్టుకు రాలేదు. ప్రాసిక్యూటర్లు ఆ ఫోన్ టేపు వినిపించి, వచ్చిన పోలీసులతో సాక్ష్యం చెప్పించి శిక్ష వేయించారు. నిందితుడికి ఎదురుగా నిలబడి చెప్పని మాట సాక్ష్యం ఎలా అవుతుందన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2006లో కోర్టు తేల్చింది: ఆపద నడుస్తుండగా సాయం కోసం చెప్పిన మాట చెల్లుతుంది. అదే తీర్పులో ఇండియానా రాష్ట్రపు కేసు ఒకటి ఓడిపోయింది. అక్కడ గొడవ ముగిశాక పోలీసు రాయించుకున్న మాటలు, మనిషి కోర్టుకు రాకపోతే పనికిరావన్నారు. ఈ తేడా తెలిసిన ప్రాసిక్యూటరు మొదటి రాత్రే టేపు భద్రపరుస్తారు. ఎందుకంటే ఆ ఒక్క రకం కేసులు వారు నిత్యం చూసేవే.

డెట్రాయిట్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అది వేన్ కౌంటీలో ఉంది. 2009లో ప్రాసిక్యూటర్ కిమ్ వర్దీ ఆఫీసుకు చెందిన ఒక లాయరు, పోలీసులు సాక్ష్యాధారాలు దాచే గోదాములోకి వెళ్లారు. అరల మీద పెట్టెలు వరసగా కనిపించాయి. అత్యాచారానికి గురైన మహిళల ఒంటి మీంచి ఆసుపత్రుల్లో గంటల తరబడి సేకరించిన నమూనాల పెట్టెలవి. లెక్కపెడితే 11,000కు పైగా తేలాయి. కొన్ని 1980ల నాటివి. ల్యాబు ముఖం చూడనివి! ఆ పెట్టెలన్నిటికీ నంబర్లు ఉన్నాయి, సీళ్లు ఉన్నాయి, వాటి గురించి అడిగే మనిషి మాత్రం లేడు. పోలీసులు తెస్తే తప్ప ప్రాసిక్యూటరుకు ఫైలు తెలియదు, పోలీసులకేమో తేవాలని పట్టలేదు. వర్దీ ఆ భారం తన ఆఫీసు మీద వేసుకున్నారు. ప్రభుత్వం దగ్గర డబ్బు లేకపోతే విరాళాలు పోగుచేశారు, డిటెక్టివులను, లాయర్లను ఆ పాత పెట్టెల కోసమే ప్రత్యేకంగా పెట్టారు. పరీక్షలు మొదలుపెడితే పదేపదే అదే నేరం చేసిన అనుమానితులు వందల్లో బయటపడ్డారు. తొలి పెట్టెను అప్పుడే పరీక్షించి ఉంటే తర్వాతి పెట్టెలు చాలా ఉండేవి కావు. ఒక్కో పెట్టె వెనక ఒక ఆడమనిషి ఉందని తలుచుకుంటే నాకు నిద్రపట్టలేదు.

ఇక రెండో వైపు. ఒకే రకం నేరాన్ని ఏళ్ల తరబడి చూసే కంటికి తెలియకుండానే ఒక అలవాటు పడుతుంది. బాధితుల నొప్పి దగ్గరగా చూసి చూసి, ఎదుట నిలబడినవాడు తప్పు చేసినవాడే అనిపిస్తుంది. 1989 ఏప్రిల్ 19 రాత్రి మన్‌హట్టన్ సెంట్రల్ పార్కులో పరుగెత్తుతున్న యువతిపై ఘోరమైన దాడి జరిగింది. నేను ఇందాక మెచ్చుకున్న లైంగిక నేరాల విభాగమే ఆ కేసు చూసింది. 14 నుంచి 16 ఏళ్ల మధ్య ఉన్న ఐదుగురు నల్లజాతి, లాటినో కుర్రాళ్లు, పోలీసులు గంటల తరబడి ప్రశ్నించాక, నేరం ఒప్పుకున్నట్టు చెప్పారు. వారిలో నలుగురి మాటలు వీడియో మీద ఉన్నాయి. కానీ ఒకరి మాటకు ఇంకొకరి మాటకు పొంతన లేదు. ఆమె ఒంటి మీద దొరికిన ఆనవాలు ఐదుగురిలో ఎవరి డీఎన్ఏతోనూ కలవలేదు. ట్రయల్‌కు ముందే ఇది తెలుసు. అయినా కేసు సాగింది, 1990లో శిక్షలు పడ్డాయి.

మథియాస్ రేయెస్ అనే వ్యక్తి దాడి జరిగిన ఏడాది ఆగస్టులోనే వేరే అత్యాచారాలు, ఒక హత్య కింద పట్టుబడ్డాడు. పార్కు దాడికి రెండు రోజుల ముందు అదే పార్కులో మరో మహిళపై జరిగిన దాడి కూడా అతనిదేనని తర్వాత తేలింది. ఒకే నగరం, ఒకే పార్కు, ఒకే రకం నేరాలు. అప్పుడెవరూ వాటిని కలిపి చూడలేదు. 2002లో రేయెస్ జైల్లోంచి నిజం చెప్పాడు, డీఎన్ఏ అతనిదేనని కుదిరింది. డిస్ట్రిక్ట్ అటార్నీ రాబర్ట్ మోర్గెంథౌ ఆ కేసును మళ్లీ చూడమని తన ఆఫీసులోనే వేరేవారికి అప్పగించారు. శిక్షలు రద్దు చేయండని ఆ ఆఫీసే కోర్టును కోరింది, డిసెంబరులో కోర్టు రద్దు చేసింది. అప్పటికే పిల్లల బాల్యం జైల్లో గడిచిపోయింది. 2014లో నగరం వారికి 4 కోట్ల 10 లక్షల డాలర్లు చెల్లించింది. ఆ విభాగం చేతగానిదని నేననను. నేర్పు ఉన్నవాళ్లే. నేర్పు వల్ల వచ్చే నమ్మకాన్ని ప్రశ్నించేవారు పక్కన లేకపోయారు.

ఆ పక్క మనిషిని ఆఫీసులో శాశ్వతంగా కూర్చోబెట్టాలన్న ఆలోచనను అమలులో పెట్టింది డల్లాస్ కౌంటీ. 2006 ఎన్నికల్లో క్రెయిగ్ వాట్కిన్స్ గెలిచారు. టెక్సస్‌లో డిస్ట్రిక్ట్ అటార్నీ అయిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయన. మరుసటి ఏడు శిక్షల పునఃపరిశీలన విభాగం పెట్టారు. డీఎన్ఏ పరీక్ష కోరుతూ ఖైదీలు పెట్టుకుని తిరస్కరణకు గురైన పాత అర్జీలు వందల్లో ఉంటే, లా విద్యార్థుల సాయంతో వాటిని మళ్లీ తిరగేయించారు. ఆ విభాగానికి అధిపతిగా తెచ్చింది డిఫెన్స్ లాయరును. ఇది చాలా పెద్ద నిర్ణయం. పాత శిక్షలు వేయించినవారి శిష్యుడిని కూర్చోబెట్టి ఉంటే ఆ ఫైళ్లు తెరుచుకునేవి కావు. మరో అదృష్టం ఏమిటంటే, డల్లాస్ కౌంటీ ల్యాబు పాత నమూనాలను పారేయకుండా దశాబ్దాలుగా దాచింది. నిర్దోషులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు, కొందరు ఇరవై ఏళ్లు దాటాక. 2014లో వాట్కిన్స్ ఎన్నికల్లో ఓడిపోయారు, విభాగం మాత్రం నిలిచింది. తర్వాత బ్రూక్లిన్ ఉండే కింగ్స్ కౌంటీలో, డెట్రాయిట్‌లో, ఇంకా ఎన్నోచోట్ల అలాంటివి వచ్చాయి.

ఈ పునఃపరిశీలన ఆఫీసు లోపలే ఎందుకు ఉండాలని అడగవచ్చు. న్యూ ఆర్లియన్స్‌లో జాన్ థాంప్సన్ కేసు చూడండి. అతని మీద మోపిన దోపిడీ కేసులో నేరస్థుడి రక్తపు మరక ల్యాబుకు వెళ్లింది, నివేదిక ప్రాసిక్యూటర్ల చేతికి వచ్చింది. అది బి గ్రూపు, థాంప్సన్‌ది ఓ గ్రూపు. నివేదికను డిఫెన్స్‌కు ఇవ్వలేదు. ఆ దోపిడీ శిక్ష ఉండడం వల్ల తర్వాతి హత్య కేసులో అతను బోనెక్కి తన మాట చెప్పుకోలేకపోయాడు. మరణశిక్ష పడింది. 18 ఏళ్లు జైలు, అందులో 14 ఏళ్లు ఉరికంబం నీడన. 1999లో, శిక్ష అమలుకు వారాలు మిగిలి ఉండగా, అతని తరఫు పరిశోధకుడికి ఆ నివేదిక దొరికింది. మళ్లీ విచారణలో జ్యూరీ విడుదల చేసింది. పరిహారంగా వేరే జ్యూరీ కోటీ 40 లక్షల డాలర్లు ఇవ్వమంటే, 2011లో సుప్రీంకోర్టు ఐదుకు నాలుగు ఓట్ల తేడాతో అదీ కొట్టేసింది. కోర్టులో కేసు నడిపిన తీరుకు ప్రాసిక్యూటరు మీద వ్యక్తిగతంగా పరిహారం దావా వేయడానికి 1976 నుంచే దారి లేదు. బయటి తలుపులన్నీ మూసుకున్నప్పుడు, లోపలి తలుపైనా తెరిచి ఉండాలి.

మన సంగతికి వస్తాను. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 20వ సెక్షన్ ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌లో పనిని శిక్ష ఏళ్లను బట్టి పంచింది. పదేళ్లు, ఆపైన శిక్ష ఉన్నవి డైరెక్టరు, ఏడు నుంచి పదిలోపు డిప్యూటీ డైరెక్టరు, ఏడులోపు అసిస్టెంట్ డైరెక్టరు పర్యవేక్షించాలి. నేర స్వభావాన్ని బట్టి మనుషులను తయారుచేయడం ఇందులో లేదు. కానీ పిల్లలపై లైంగిక నేరాల కోసం వచ్చిన పోక్సో చట్టంలో దారి ఉంది. 32వ సెక్షన్ కింద కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉన్నవారిని ప్రత్యేక ప్రాసిక్యూటరుగా పెట్టాలి. 33వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టు నుంచి కమిటల్ లేకుండానే కేసు నేరుగా ప్రత్యేక కోర్టుకు వస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోనూ 15వ సెక్షన్ ప్రత్యేక ప్రాసిక్యూటరునే కోరుతుంది. అంటే ఒక ఫైలుకు ఒక మనిషి అన్నది మన చట్టంలోనే సాధ్యం. ఆచరణలో ఆ ప్రాసిక్యూటరు ఫైలు చూసేది ఛార్జిషీటు పడ్డాక. బిడ్డను చూసేది సాక్ష్యం రోజున.

అందుకే ఈ సభ ద్వారా రెండు కోరికలు కోరుతున్నాను. పోక్సో ఎఫ్ఐఆర్ నమోదైన వారంలోపే ప్రత్యేక ప్రాసిక్యూటరుకు కాపీ చేరాలి, తీర్పు దాకా ఆ కేసు వారిదే కావాలి. మధ్యలో మార్చాల్సి వస్తే కారణం రాతపూర్వకంగా ఉండాలి. శిక్ష పడ్డాక కొత్త ఆధారం బయటపడితే దాన్ని చూడడానికి, ఆ కేసు నడపని ఇద్దరు సీనియర్లను డైరెక్టరేట్ ప్రతి జిల్లాకూ నియమించాలి. వారిలో ఒకరు డిఫెన్స్ వైపు పనిచేసినవారై ఉండాలి. తీర్మానం ముసాయిదా తెచ్చాను, అధ్యక్షుల బల్ల మీద ఉంది. చదివి, మార్పులు చెప్పి, సంతకాలు చేయండి.